గాలి ఆపిన మేస్త్రి

మా ఊళ్లో నన్ను అనంతయ్య అని పిలిచేవాళ్లు తక్కువ. గాలి మేస్త్రి అంటారు. లింగాల మండలంలో ఎక్కడికి పోయినా ఆ పేరుతోనే గుర్తుపడతారు. ఎండాకాలం మొదట్లో రాళ్లవాన మబ్బు పట్టిందంటే చాలు, కల్లంలో పల్లికాయ ఆరబోసుకున్నవాళ్లు, మామిడితోట కౌలుకు పట్టినవాళ్లు నా గడప ముందుకు వచ్చేస్తారు. నేను గడ్డపార భుజాన వేసుకుని పోయి, వాకిట్లోకి విసిరి, "ఆగు తల్లీ" అని కేక పెట్టాలి. ఆగితే నా గొప్ప. ఆగకపోతే, "నేను ఎయ్యకుంటె ఇంకెంత కొడుతుండెనో" అంటాను. పదకొండేళ్లుగా ఇట్లాగే నడుస్తోంది. ఓడిపోయే ఆట నేనెప్పుడూ ఆడలేదు.

అందుకే మొన్న ఆదివారం పొద్దున గీత వచ్చి, ఫోను నా ముందర పెట్టి, "పెద్దనాయినా, నువ్వు తుఫాను నడిమిట్ల ఉన్నవంట గద, జర చెప్పు, రికార్డు చేసుకుంట" అంటే ముందు నా మీసం దానంతటదే లేచింది. అడుగుతున్నది ఎవరి బిడ్డో ఆ తరవాత బుర్రకెక్కింది.

గీత యోసేపు కూతురు. యోసేపు నా ముఠాలో ఎనిమిదేళ్లు మట్టి తవ్వాడు. విశాఖపట్నం దగ్గర హుద్‌హుద్ తుఫాన్లో చనిపోయాడు. అప్పుడు ఈ పిల్లకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు వనపర్తిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది.

"మా సారు తుఫాన్ల పాఠం చెప్పిండు. నడిమిట్ల కన్ను ఉంటదంట, ఆడ గాలే ఉండదంట, గది దాటినంక ఎనక గాలి ఒస్తదంట. లోపట ఉండి చూసినోళ్లను అడిగి రాసుకరమ్మన్నడు. మా క్లాసోళ్లందరు ఫోన్ల చూసి రాస్తున్నరు. నాకు మనూర్లనే నువ్వున్నవ్."

"మీ నాయన సంగతి గూడ రాస్తవా?" అన్నాను.

"రాయకుంటె ఎట్ల? కోళ్ల మీది ఆశకు బయటికి పోయిండు, ఎనక గాలి ఒచ్చి సచ్చిండు. కన్నును నమ్మొద్దని చెప్పనీకె గంతకంటె మంచి ఉదాహరణ ఏముంది? నవ్వుతరు. నవ్వనీ. నాకు చిన్నప్పటిసంది అలవాటే."

అబద్ధమేమీ కాదు. ఊళ్లో వాళ్ల నాయన పేరు కోళ్ల యోసేపు. ఈమె బడికి పోయేటప్పుడు పిల్లలు వెనక నుంచి కొక్కొరోకో అనేవాళ్లు. అరుగు మీద కూర్చుని ఒకసారి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఈమె చూసిందో లేదో నాకు తెలియదు.

"మొదలువెట్టు పెద్దనాయినా" అని గీత ఫోన్లో ఎర్ర చుక్క నొక్కింది.

మొదలుపెట్టాను. వెయ్యిసార్లు చెప్పిన కథ కదా, నోరు దానంతటదే చెప్పుకుపోయింది.

అది రెండువేల పద్నాలుగు, అక్టోబరు. భీమిలి పోయే దారిలో, సముద్రానికి దగ్గర్లో కేబుల్ కోసం కాలువ తవ్వే పని. మేము పద్నాలుగు మందిమి. సముద్రం చూసి రెండు నెలలైనా కాలేదు. మా పాలమూరు వాళ్లకు నీళ్లు లేని కష్టం తెలుసు గానీ నీళ్లతో వచ్చే కష్టం ఏం తెలుసు? శనివారం సాయంత్రం జీపులో మైకు పెట్టుకుని వచ్చి, రేకుల షెడ్లు వదిలి ఆ ఊరి బడిలోకి పొమ్మన్నారు. బట్టల మూటలు, పారలు, గడ్డపారలు పట్టుకుని పోయాము. అక్కడ అప్పటికే చేపలు పట్టేవాళ్ల కుటుంబాలు నిండిపోయి ఉన్నాయి. కోళ్లను లోపలికి తేవద్దన్నారు. గంప కింద మూసిన రెండు నాటుకోళ్లు షెడ్లోనే ఉండిపోయాయి.

ఆదివారం తెల్లవారేసరికి గాలి పట్టుకుంది. మేము గాలి చూడనివాళ్లమా? మా దగ్గర దుమ్ము లేస్తుంది, రేకులు లేస్తాయి, నాలుగు రాళ్లు పడతాయి, గంటలో అంతా అయిపోయి ఎండ కాస్తుంది. ఇది అట్లా కాదు. ఉత్తరం దిక్కు నుంచి ఆరు గంటలపాటు ఊపిరి తీసుకోకుండా కొట్టింది. కిటికీ రెక్కలు ఊడిపోయాయి. తాటిచెట్టు మొదలంటా వంగి మళ్లీ లేవలేదు. చెవుల్లో ఎవరో వేలు పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. ఆడవాళ్లు ఏడ్చారు, పిల్లలు ఏడ్చారు.

మా అమ్మ ఒక పని చేసేది. రాళ్లవాన మొదలైతే రోకలి తీసుకుని వాకిట్లోకి విసిరేది. ఇంటి పెద్దకొడుకు విసిరితే ఇంకా మంచిదని నా చేత విసిరించేది. ఇక్కడ రోకలెక్కడిది? పన్నెండు దాటుతుండగా నేను లేచాను. గడ్డపార తీసుకుని, తలుపు సందులోంచి వరండాలోకి పోయి, ఉన్న బలమంతా పెట్టి వానలోకి విసిరాను. "ఆగు తల్లీ" అని అరిచాను.

పావుగంటలో గాలి ఆగిపోయింది.

నా కథ ఎప్పుడూ ఇక్కడితో ఆగుతుంది. జనం అబ్బురపడతారు, నేను చుట్ట వెలిగించుకుంటాను. కానీ గీత ఎర్ర చుక్క ఆపలేదు. నోట్‌బుక్కులో ఏదో చూసుకుని అడిగింది.

"మత్స్యకారులు గూడ ఉండిరి అన్నవ్ గద. ఆళ్లకు తుఫాన్లు ఎర్కుంటయి. ఎనక గాలి ఒస్తదని మీకు ఎవ్వరు చెప్పలేదా?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా ముఠా వాళ్లకు అడగాల్సిన అవసరం లేదు, మిగతా వాళ్లకు కన్ను అనేది ఒకటుంటుందని తెలియదు. ఫోన్లో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల కళ్లజోడు తుడుచుకుంటూ, నేను నిజమే చెప్తానన్న ధీమాతో కూర్చుని ఉంది. అంతటి నమ్మకం ముందు నాకు నా మీదే రోత పుట్టింది.

"చెప్పిండ్రు బిడ్డా" అన్నాను. "ఆపకు, కానియ్. గది గూడ చెప్త."

గడ్డపార విసరక ముందు నేనేం చేస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. పంతులు బల్ల కిందికి దూరి ఏడుస్తున్నాను. పద్నాలుగు మందికి మేస్త్రిని, మీసాలున్నవాణ్ణి, "అమ్మా, అమ్మా" అని ఏడుస్తుంటే నా ముఠా అంతా చూసింది. యోసేపు నా పక్కన కూర్చుని, ఒక చెయ్యి నా వీపు మీద పెట్టి, తన ప్రార్థన తాను చేసుకుంటున్నాడు. నాకు ఆ చెయ్యి నచ్చలేదు. నా కింద పనిచేసేవాడు నన్ను ఓదార్చడమేమిటని, ఆ భయంలో కూడా, నాకు మంటగా ఉంది. గాలి ఆపాలన్నదానికంటే ఆ ఏడుపు మరిపించాలనే లేచి గడ్డపార పట్టుకున్నాను.

గాలి ఆగేసరికి అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది నేనే. ఆ నిశ్శబ్దం ఎట్లాంటిదంటే, గాలి పోయినా మేము ఇంకా అరుచుకుంటూనే మాట్లాడుకుంటున్నాము. బయటికి వచ్చి చూస్తే చెట్లకు ఒక్క ఆకు లేదు. నలిగిన ఆకుల పసరువాసన. సముద్రం పిట్టలు ఎగరలేక బడి ముందర బురదలో కూర్చుని ఉన్నాయి, చేత్తో పట్టుకున్నా కదలలేదు. నడినెత్తిన మబ్బు పలచబడి ఎండ కూడా వచ్చింది. ఉక్కపోత. మా మహిపాల్ నా కాళ్లు పట్టుకున్నాడు. "మేస్త్రీ, ఆపినవ్! నీ నోట్ల ఏముందో గని, ఆపినవ్!" అన్నాడు. ఇంకేముంది, నేను నేల మీద లేను.

చేపలవాళ్లు మాత్రం ఒక్కరూ బళ్లోంచి కదలలేదు. వాళ్లలో పైడమ్మ అని ఒక ముసలామె గడప దగ్గరికి వచ్చి నన్ను చెయ్యి ఊపి పిలిచింది.

"ఓ నాయినా, మీవోళ్లని లోనికి రమ్మను. సగమే అయ్యింది. ఇది తుఫాను కన్ను. ఇప్పుడు మనం దాని కంట్లో ఉన్నాం. ఎనక గాలి సముద్రం కాణ్ణించి వత్తాది, ముందుదాని కన్నా పెద్దగుంటాది."

"గాలి నేను ఆపిన అవ్వా. మళ్లెందుకొస్తది?" అన్నాను. మా వాళ్లు నవ్వారు.

ఆమె నవ్వలేదు. "గాలి ఎవుడాపుతాడు బాబూ, లోనికి రా" అంది.

అందరి ముందూ నన్ను కొట్టినట్టయింది. గంట కింద బల్ల కింద ఏడ్చినవాణ్ణి, ఇప్పుడే దేవుణ్ణయ్యాను, అప్పుడే ఈ ముసల్ది దింపేస్తోంది. మా షెడ్ల వైపు చూశాను. అర కిలోమీటరు దూరంలో, సగం కట్టిన ప్రహరీ గోడకు ఇవతల, రెండు షెడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఉత్తరం గాలికి ఆ గోడ అడ్డమైంది, అంతే. నాకు అది కూడా నా మహిమలాగే కనిపించింది.

"యోసేపూ, పోయి నా కోళ్లు పట్టుకరా. గాలి ఆగినందుకు పండుగ చేసుకుందం" అన్నాను. కోళ్లు నావి. ఆదివారం కోసుకుందామని నేనే కొన్నాను.

యోసేపు పైడమ్మ వైపు చూశాడు. "పెద్దామె గట్ల చెప్తుంది గదన్నా. ఆళ్లకు ఎర్కుంటది. జరసేపు చూసి పోత" అన్నాడు. అన్నది మెల్లగానే. కానీ అందరూ విన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇది. "ఏందిరా, నీ ప్రార్థన కంటె నా గడ్డపార గట్టిదని ఒప్పుకోనీకె మనసొస్తలేదా? భయమైతె చెప్పు, నీ పెండ్లాం పుష్పమ్మకు ఫోన్ చేసి చీర పంపియ్యమంట."

అందరూ పెద్దగా నవ్వారు. యోసేపు మొహం ఎర్రబడింది. తలకు తువ్వాలు చుట్టుకుంటూ, "గట్ల కాదన్నా" అని ఒక్క మాట అన్నాడు. వరండా దిగి బురదలో నడుచుకుంటూ పోయాడు.

అతను షెడ్డు చేరుకుని ఉంటాడు. సముద్రం వైపు నల్లగా లేచింది. ముందు చప్పుడు వచ్చింది, లారీలు వరసగా మీదికి వస్తున్న చప్పుడు. పైడమ్మ కొడుకులు మమ్మల్ని లోపలికి లాగి తలుపుకు బెంచీలు అడ్డం పెట్టారు. కిటికీలోంచి చూశాను. యోసేపు షెడ్లోంచి బయటికి వచ్చాడు, రెండు కోళ్లు తలకిందులుగా చేతిలో ఉన్నాయి. మా వైపు రెండడుగులు వేశాడు, నిలబడలేకపోయాడు. గాలి ఈసారి దక్షిణం నుంచి వస్తోంది కాబట్టి గోడ దాటి అవతలి పక్కన చాటుకు కూర్చున్నాడు. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ గోడ అప్పటికే పూట పొడుగునా దెబ్బలు తిని ఉంది. ఇటు నుంచి తోసేసరికి అటే పడిపోయింది. నేను చూశాను. తలుపు తియ్యమని అరిచానని చాలాసార్లు అనుకున్నాను. అరవలేదు.

సాయంత్రం ఇటుకలు తీస్తే, కోళ్ల కాళ్లు కట్టిన తాడు అతని వేళ్లకు చుట్టుకుని అట్లాగే ఉంది. మర్నాడు కాగితాలు పట్టుకుని ఒక ఉద్యోగి వచ్చాడు. ఎందుకు బయటికి పోయాడని అడిగాడు. "ఒద్దన్నా ఇనలేదు సారూ. కోళ్ల మీద యావ" అన్నాను. మా ముఠా నేల చూపులు చూసింది. రేపటి పని ఇచ్చేది నేనే కదా. పైడమ్మ మాత్రం నా మొహంలోకి చూసి, పక్కకు తిరిగి ఉమ్మింది. ఊరికి వచ్చాక పుష్పమ్మకూ అదే చెప్పాను. మా వాళ్లు ఊళ్లో గాలి ఆగిన కథ చెప్పారు గానీ గాలి మళ్లీ వచ్చిన కథ చెప్పలేదు. అట్లా ఒకే రోజు, ఒకే గాలిలో నాకొక పేరు వచ్చింది, యోసేపుకొక పేరు వచ్చింది.

చెప్పడం అయిపోయింది. గీత తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఫోను ఆపి, నోట్‌బుక్కు మూసి లేచి నిలబడింది.

"మా అమ్మకు చెప్పు, రా" అంది.

వాళ్లింటి ముందర పుష్పమ్మ చేటలో పల్లికాయ ఒలుస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. కాయ చిట్లుతున్న చప్పుడు మధ్య నా మాట నాకే దొంగమాటలా వినిపించింది. అంతా విని తలెత్తింది.

"యోసేపు కోడికూర తినడు మేస్త్రీ. తింటె ఒళ్లంత దద్దులు లేస్తయి. ఎనిమిదేండ్లు నీ ముఠాల కూడు తిన్నడు. మీరు కోడి కోసిన దినం ఆయన పచ్చిపులుసు పోసుకుని తింటుండె. నువ్వెన్నడు సూడలేదా?"

చూడలేదు. ఎనిమిదేళ్లు ఒకే కుండలోది తిని, పక్కవాడి పళ్లెంలో ఏముందో చూడలేదు.

"మరి గీ మాట ఎవ్వరికి చెప్పకపోతివా పుష్పమ్మా?"

"చెప్పకేంది? నలుగురికి చెప్పిన. నవ్విండ్రు. గాడికి పోయినంక ఏం తిన్నడో నీకేం తెలుసన్నరు. మేస్త్రి మాట ముంగట కూలోని పెండ్లాం మాట ఎవ్వరింటరు?" చేట పక్కన పెట్టింది. "నాకెందుకు చెప్తున్నవ్ ఇప్పుడు? నాకు ఎర్కనే. ఎర్క లేనోళ్లకు చెప్పు."

నేను క్షమాపణ అడుగుదామని పోయాను. ఆ మాట అడిగే చోటే ఆమె ఉంచలేదు. నిజం చెప్తే గుండె తేలికవుతుందంటారు. నాకేమీ కాలేదు. ఇంటిదాకా తల ఎత్తకుండా నడిచాను.

ఆ రోజే మూడు గంటలకు మబ్బు పట్టింది. దేవుడు కూడా నన్ను తొందరపెడుతున్నాడనుకున్నాను. మహిపాల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఠా మానేసి ఇప్పుడతను కౌలుకు పల్లి వేస్తున్నాడు. "మేస్త్రీ, గడ్డపార పట్టు, జల్ది. కల్లంల కాయంత పరిచే ఉంది" అన్నాడు. పట్టుకుని పోయాను. కల్లం దగ్గర ముప్పైమంది ఉన్నారు. కూలీకి వచ్చిన ఆడవాళ్లు కాయను కుప్పలు చేస్తున్నారు. వాళ్లలో పుష్పమ్మ ఉంది, తల్లికి సాయంగా గీత ఉంది. అందరూ నాకు దారి ఇచ్చారు.

గడ్డపార నేలకు ఆనించి పట్టుకున్నాను.

"ఇనుండ్రి. నేను గాలి ఆపలేదు. గది తుఫాను కన్ను. దానంతటదే ఆగింది, దానంతటదే మళ్లొచ్చింది. యోసేపు కోళ్ల ఆశకు పోలేదు. ఆ కోళ్లు నావి. పోనంటె నలుగుర్ల సిగ్గు తీసి నేనే పంపిన. సచ్చినంక అబద్ధమాడిన. మహిపాల్‌కు ఎర్కనే, అడుగుండ్రి."

మహిపాల్ నా వైపు చూడలేదు. మబ్బు వైపు చూశాడు. "గవన్ని తర్వాత మాట్లాడుకుందం మేస్త్రీ, ముందుగాల గడ్డపార ఎయ్యి. రాళ్లు పడతయ్" అన్నాడు.

"ఎయ్యి, ఎయ్యి" అన్నారు ఇంకో పదిమంది. నేను చెప్పింది వాళ్ల చెవిన పడిందో లేదో కూడా అర్థం కాలేదు. ఒక్కసారి విసిరితే చాలు, ఆ మాటలన్నీ గాలికి పోతాయి, సాయంత్రానికి మళ్లీ నేను గాలి మేస్త్రినే. ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికీ తెలుసు, అదప్పుడే సగం లేచింది.

గడ్డపార కింద పెట్టేశాను. కాయ మీద కప్పే టార్పాలిన్ పరదా కొస పట్టుకుని లాగాను. అవతలి కొస పట్టుకున్నది పుష్పమ్మ. మేమిద్దరం ఒక కుప్ప కప్పాము, రెండో కుప్ప కప్పాము. మూడోదానికి పోయేలోపే రాళ్లు పడ్డాయి. సగం కాయ తడిసింది. మహిపాల్ అందరి ముందూ నన్ను బూతులు తిట్టాడు. ఆ కోపంలోనే, వాన చప్పుడు మీదుగా, "గా దినం గూడ నీ కోళ్లకు నువ్వే పోతె అయిపోతుండె!" అని అరిచాడు. ముప్పైమందీ అది విన్నారు. గీత కూడా వింది.

సోమవారం పొద్దున గీత వనపర్తి బస్సుకోసం నిలబడి ఉంటే నేనూ పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగ్గా తెలియదు. చాయ్ హోటల్ బెంచీ మీది నుంచి ఎవడో కేకేశాడు.

"ఏం కోళ్ల మేస్త్రీ, బిడ్డను బస్సెక్కియ్యనీకె ఒచ్చినవా?"

బెంచీ అంతా నవ్వింది. చెవుల దాకా వేడెక్కింది. గీత నా వైపు తిరిగి చూసింది, నేనేం చేస్తానో అని.

"ఆఁ, ఒచ్చిన" అని పలికాను.